పొణికి కర్రా, పోత రెసినా? కొండపల్లి బొమ్మ చుట్టూ అల్లుకున్న వాదాలు

కొండపల్లి బొమ్మ మీద పత్రికల్లోనూ సభల్లోనూ చాలా చర్చే నడిచింది. అందరూ ఒకే విషయం మాట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ, కాస్త నిదానించి వింటే నాలుగు తగాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి కనిపిస్తాయి. కర్ర దొరకడం లేదనేది ఒకటి. రంగులు మారిపోయాయనేది ఇంకొకటి. అచ్చుల్లో పోసిన బొమ్మలు బజారును ఆక్రమిస్తున్నాయనేది మూడోది. చేసేవాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావడం లేదనేది నాలుగోది. ఒకదానికి చెప్పిన మందు ఇంకొకదానికి పనిచేయదు. అయినా నాలుగింటికీ కలిపి ‘కళను కాపాడాలి’ అనే ఒక్క తీర్మానంతో సరిపెట్టడం మనకు అలవాటైపోయింది.

వీటికి ఇప్పుడు రెసిన్ తోడైంది. ద్రవంగా పోస్తే గట్టిపడిపోయే ఈ పదార్థం కారు డ్యాష్‌బోర్డు మీది వినాయకుడి దగ్గర మొదలై కొలువు మెట్ల మీది దేవుళ్ల దాకా వచ్చింది. రెసిన్‌తో బొమ్మలు ప్రింట్ చేసే యంత్రం ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధరకు దొరుకుతోంది. పాశ్చాత్య దేశాల్లోనైతే, బల్ల మీద ఆడే చిన్న పోరాట ఆటల కోసం అంగుళం పైచిలుకు ఎత్తు రెసిన్ వీరులను చేసి అమ్మడం ఒక వృత్తిగానే నిలబడింది. చిన్న బొమ్మలకు పేరుపడ్డ ఊరు మన దగ్గరే ఉండగా ఆ పని ఇక్కడెందుకు చేయకూడదన్న ప్రశ్న రాక మానదు. దానికి జవాబు వెతకాలంటే ముందు పాత తగాదాల చిక్కు విప్పుకోవాలి.

కర్ర నుంచి బొమ్మ దాకా

విజయవాడకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, రెడ్డిరాజుల నాటి కోట కింద ఉన్న ఊరు కొండపల్లి. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. బొమ్మలు చేసే కుటుంబాలవారు తమను ఆర్యక్షత్రియులమని చెప్పుకుంటారు. పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారన్నది తరతరాలుగా వాళ్ల నోట నిలిచిన చరిత్ర.

బొమ్మకు వాడేది తెల్ల పొణికి. కొండల మీది ఎండు అడవిలో పెరిగే చెట్టు. కర్ర ఎంత తేలికంటే చేతిలోకి తీసుకుంటే లోపల డొల్లేమో అనిపిస్తుంది. నరికి ఆరబెట్టి, సన్నని సెగ మీద వేడిచేసి తేమంతా పోగొడతారు. తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, ఆకురాయితో సాపు చేసి అతుకుతారు. అతుకుల మీద చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెడతారు. చేతి వంపు, పాగా చుట్టు, ఏనుగు చెవి లాంటివి కర్రలో సగం, మక్కులో సగం తయారవుతాయి. ఆరాక సుద్ద పూసి, ఆ తెల్లదనం మీద రంగులు వేస్తారు. రంగుల పనిలో ఆడవాళ్లదే పెద్ద చెయ్యి.

ఇలా తయారయ్యేవే అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, పెళ్లి పల్లకి. సంక్రాంతికీ దసరాకీ పెట్టే బొమ్మల కొలువు ఈ పనికి పాత ఆధారం. ప్రభుత్వ లేపాక్షి దుకాణాలు, సన్మాన సభల జ్ఞాపికలు తర్వాత వచ్చిన ఆధారాలు.

మూడు పక్షాలు

మొదటిది కర్ర పక్షం. పొణికి లేనిదే కొండపల్లి బొమ్మ లేదన్నది వీళ్ల మాట. ఇందులో భావుకత కొంత ఉన్నా బలం కూడా ఉంది. ఆ బొమ్మల గుండ్రని భుజాలు, నిటారు నిలకడ, లోతులేని మడతలు పొణికి మెత్తదనంలోంచి వచ్చినవే. చేవదేరిన కర్ర మీద ఉలి అలా నడవదు. అయితే ఈ పక్షం తేలిగ్గా దాటేసే చిక్కు ఒకటుంది. చెట్టు ఉన్నది అడవిలో, బొమ్మ చేసేవాడు ఉన్నది ఊళ్లో. మధ్యలో అనుమతులు, రవాణా, నరికి తెచ్చేవాళ్లు. పొణికి గింజ పెంకు గట్టిది, నారు పోస్తే సులువుగా మొలవదు. నాటినా బొమ్మకు పనికొచ్చే లావు కావడానికి ఏళ్లు పడుతుంది. అటవీ శాఖ మొక్కలు పెంచే ప్రయత్నాలు చేసింది. ఆ కొండల చుట్టూ గ్రావెల్ తవ్వకాల మీద వివాదాలూ నడిచాయి. ‘చెట్లు నాటండి’ అన్న సలహా మంచిదే. కానీ ఈ ఏటి కొలువుకు అది కర్ర ఇవ్వదు.

రెండోది చేతి పక్షం. కర్ర ఏదైనా చెక్కే చెయ్యి ముఖ్యమంటారు. వీళ్లకు దొరికే గట్టి ఉదాహరణ కర్ణాటకలోని చన్నపట్న. అక్కడ మొదట్లో వాడింది మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్ర లాంటిదే. తర్వాత రబ్బరు చెట్టు కర్ర వంటివీ వచ్చాయి. బొమ్మ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. మాట నిజమే, పోలికే పూర్తిగా అతకదు. చన్నపట్నలోనూ ఏటికొప్పాకలోనూ లేత్ మీద తిప్పి, ఆ రాపిడి వేడికి లక్కను కర్రకు పట్టిస్తారు. యంత్రం తిప్పుతుంది కాబట్టి కర్ర కాస్త గట్టిదైనా పని ఆగదు. కొండపల్లిలో ప్రతి అవయవం చేత్తో చెక్కాల్సిందే. గట్టి కర్ర తీసుకుంటే ఒక్కో బొమ్మకు పట్టే పొద్దు పెరుగుతుంది. ధర పెంచితే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు, పెంచకపోతే చేసేవాడి కూలి పడిపోతుంది.

మూడోది అచ్చు పక్షం. కొనేవాళ్లకు కావలసింది అంబారీ ఏనుగు ఆకారం, దాని వెనక ఏ చెట్టుందో వాళ్లకు పట్టదని వీళ్ల లెక్క. నిపుణుడు ఒక్క మూలరూపం చెక్కితే చాలు, దాని మీంచి అచ్చు తీసి వందలు పోయవచ్చు, చెక్కిన బొమ్మను ఎక్కువ ధరకు వేరే అమ్ముకోవచ్చు. పైకి ఇందులో లోటు కనిపించదు. కానీ చౌక నకలు పక్కనే ఉంటే అసలు ధర నిలుస్తుందా అన్న ప్రశ్నకు ఈ పక్షం దగ్గర ఆశ తప్ప రుజువు లేదు.

ఇక పిల్లలు పనిలోకి రాని సంగతి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, పారిశ్రామికవాడ ఆనుకునే ఉన్న ఊళ్లో ఒక కుర్రవాడు నెల జీతాన్నీ బొమ్మకింత చొప్పున వచ్చే కూలినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. ఆ లెక్క తేలనంతకాలం మూడు పక్షాల్లో ఎవరు గెలిచినా చెక్కడానికి మనిషి ఉండడు.

వెల్స్ సైనికుల నుంచి ప్రింటరు దాకా

పదార్థం మారితే బొమ్మ మారుతుందా అన్న వాదన మన ఒక్కరిదే కాదు. ఇంగ్లాండులో 1893లో విలియం బ్రిటన్ కంపెనీ సీసంతో లోపల డొల్లగా ఉండే సైనికులను పోయడం మొదలుపెట్టింది. సీసం తక్కువ పట్టేది, ధర దిగింది. 1913లో హెచ్.జి.వెల్స్ ఆ సైనికులతో నేల మీద యుద్ధం ఆడే నియమాలను ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకంగా రాశాడు. కాల్పనిక సాహిత్యంలో అంత పేరున్న మనిషి బొమ్మ ఫిరంగులతో గంటలు గడిపాడంటే మన పెద్దలు ఏమనేవారో! సీసం విషమన్న ఎరుక పెరిగాక 1960లలో ఆ సైనికుల కాలం ముగిసింది. ప్లాస్టిక్ వచ్చింది, ఆటగాళ్ల కోసం తెల్ల లోహపు మిశ్రమం వచ్చింది.

రెసిన్ ప్రవేశించింది ఆర్థిక కారణంతో. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి, దానికి లక్షల్లో ఖర్చు. వేలకు వేలు అమ్ముడయ్యే సంస్థే దాన్ని భరించగలదు. రెసిన్‌కు సిలికాన్ అచ్చు చాలు. అది కొన్ని డజన్ల పోతలకే అరిగిపోతుంది గానీ ఒక చిన్న గదిలో ఇద్దరు మనుషులు తయారు చేసుకోగలరు. దీనికి తోడు ఆట స్వరూపమూ మారింది. వార్‌హామర్ (1983) లాంటి ఆటల్లో పెద్ద సైన్యాలు దిగుతాయి. స్కర్మిష్ ఆటలంటే చిన్న ముఠాల పోరు. 2015లో వచ్చిన ఫ్రాస్ట్‌గ్రేవ్‌లో ఒక మాంత్రికుడు, అతని శిష్యుడు, కొద్దిమంది భటులు, మొత్తం పది బొమ్మలుంటే ఆట నడుస్తుంది. ఎవరి బొమ్మలైనా వాడుకోవచ్చు. పది బొమ్మలే కావాలన్నప్పుడు ఒక్కోదానికి కాస్త ఎక్కువ పెట్టడానికి ఆటగాడు వెనకాడడు. చిన్న రెసిన్ తయారీదారు బతికింది ఆ సందులోనే.

అంటే రెసిన్‌ను ‘ఫ్యాక్టరీ సరుకు’ అని మనవాళ్లు తిట్టే తిట్టు అంత సరైంది కాదు. అక్కడ అది కుటీర పరిశ్రమ పదార్థం.

అక్కడా అందరూ దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. వార్‌హామర్ సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ 2011లో తన లోహపు బొమ్మల్లో చాలావాటిని ‘ఫైన్‌కాస్ట్’ పేరుతో రెసిన్‌కు మార్చినప్పుడు గాలి బుడగల మీద, విరిగిన కొసల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తర్వాత ఆ సంస్థ క్రమంగా ప్లాస్టిక్ వైపే మళ్లింది. ఈలోగా ఇళ్లలోకి ప్రింటర్లు వచ్చాయి. ఒకరి బొమ్మ మీంచి దొంగచాటుగా అచ్చు తీసే ‘రీకాస్టింగ్’ తగాదా పాతబడి, ఫైలు నకళ్ల తగాదా మొదలైంది.

పరిమాణం మాట ఎవరూ ఎత్తరేం?

ఈ చర్చల్లో బొమ్మ ఎంత ఉండాలన్న సంగతి దాదాపు రాదు. అసలు ముడి అక్కడే ఉందని నా అభిప్రాయం.

కొండపల్లి మనిషి బొమ్మ మామూలుగా బెత్తెడుకు పైన, జానెడుకు లోపు ఉంటుంది. ఆట కోసం చేసే రెసిన్ బొమ్మ 28 లేదా 32 మిల్లీమీటర్లు. తేడా కొలతతో ఆగదు, పని తీరే తలకిందులవుతుంది. పొణికి మెత్తని కర్ర, సన్నని గీతను అది నిలుపుకోలేదు. అందుకే కొండపల్లి పనిలో ఉలి ఆకారం వరకే తెస్తుంది. కన్ను, కనుబొమ, పంచె అంచు, ఏనుగు మీది అలంకార వస్త్రం ఇవన్నీ కుంచె పని. ఉలి ఆగిన చోట రంగు మొదలవుతుంది. రెసిన్ మినియేచర్‌లో కవచం మేకులు, వేళ్ల గోళ్లు కూడా అచ్చులోనే ఉబ్బెత్తుగా వచ్చేస్తాయి. రంగు వేసేవాడు పలుచని నల్లరంగు పారించి పల్లాల్లో నిలవనిస్తాడు, ఎండు కుంచె రాసి మిట్టలను వెలిగిస్తాడు. ఉన్న వివరాన్ని పైకి తేవడమే అతని పని. కొండపల్లిలో అయితే, లేని వివరాన్ని కల్పించాలి.

ఇది గ్రహిస్తే రెండు సంగతులు తేటపడతాయి. కొండపల్లి ఏనుగును యథాతథంగా స్కాన్ చేసి రెసిన్‌లో పోస్తే వచ్చేది పేలవమైన రెసిన్ బొమ్మ. రెసిన్ బలం సూక్ష్మ వివరం, ఆ మూలరూపంలో అది ఉండదు. అలాగే 28 మిల్లీమీటర్ల యోధుణ్ణి పొణికిలో చెక్కమంటే ముక్కు రాకముందే ముఖం రాలిపోతుంది. ఒకదాని పనికి ఇంకొకదాన్ని పెట్టి ‘చూశారా, కుదరలేదు’ అనడం రెండు పక్షాలకీ అలవాటు.

ఆట విషయంలో ఇంకో తేడా ఉంది. మనకు బల్ల మీది పోరాటాలు కొత్త కాదు. పులిజూదం కంటే ముచ్చటైన ముఠాల పోరు ఏముంది? మూడు పులులు, పదిహేను మేకలు, ఇద్దరి బలాలూ వేరు, ఎత్తులూ వేరు. కానీ పులి ఎక్కడా పులిలా ఉండదు. రాయో, చింతగింజో పెట్టి అరుగు మీద గీసిన గీతల్లో ఆడేసుకున్నారు. చదరంగం పావులను పక్కన పెడితే, ఆడే కాయ ఒకటి, చూసే బొమ్మ ఒకటి అన్నట్టు మన వాడుక నడిచింది. కొలువులో ఊరంతా ఉంటుంది, బావీ బండీ అంగడీ ఉంటాయి, కానీ ఎవరూ ఎవరి మీదికీ కదలరు. పాశ్చాత్య మినియేచర్ ఆట ఈ రెండింటినీ కలిపింది. అలాంటి ఆట ఇక్కడ పాతుకుంటే తప్ప ఆ బొమ్మలకు మన డెల్టాలో గిరాకీ పుట్టదు. ఎగుమతి కోసమే చేస్తామంటే పోటీ ప్రపంచంతోనూ, ఫైలు కొనుక్కుని ఇంట్లోనే ప్రింట్ చేసుకునే ఆటగాడితోనూ.

పల్నాటి వీరుల ముఠాలు, బొబ్బిలి కోట బురుజులు స్కర్మిష్ ఆటకు సరిగ్గా సరిపోయే సరుకన్నది వేరే మాట. ఆ ఆట ఎవరైనా రాస్తే దాని బొమ్మలు కొండపల్లి పేరు మోయక్కర్లేదు.

చట్టం చెయ్యి ఎందాకా

కొండపల్లి బొమ్మలకు 2006-07లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలామంది అది ఆకారాలకు దొరికిన రక్షణ అనుకుంటారు. 1999 నాటి ఆ చట్టం కాపాడేది పేరును. ఏ వస్తువు, ఏ ప్రాంతం, ఏ పద్ధతి అని దరఖాస్తులో చెప్పిన దానికే ఆ పేరు చెందుతుంది. రెసిన్ ఏనుగును ‘కొండపల్లి బొమ్మ’ అని అమ్మితే చట్టం అడ్డుకోగలదు. ‘అంబారీ ఏనుగు’ అని అమ్మితే దానికి పట్టదు. తరాల నాటి ఆకారాలకు కాపీరైటు అడిగే వీలు లేదు. కొత్తగా కల్పించిన రూపాన్ని కూడా డిజైన్ చట్టం కింద నమోదు చేయించకుండా యంత్ర పద్ధతిలో యాభైకి మించి నకళ్లు తీస్తే దాని మీది కాపీరైటు పోతుంది. అచ్చు పక్షం పిలుపు విని మూలరూపాలు చెక్కి ఇవ్వబోయే కళాకారుడు మొదట తెలుసుకోవలసింది ఈ నిబంధననే.

2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు బీఐఎస్ (భారత ప్రమాణాల బ్యూరో) గుర్తు తప్పనిసరి అయింది. భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ, నమోదైన హస్తకళాకారులు చేసినవాటికీ మినహాయింపు ఇచ్చారు. ఆ ముందు సంవత్సరం దిగుమతి ఆటవస్తువుల మీద సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో కొండపల్లి పేరు చెప్పారు. మొత్తం మీద గాలి చేతిబొమ్మకు అనుకూలంగానే వీచింది. కానీ భౌగోళిక గుర్తింపు మీద వచ్చే ఆ మినహాయింపు రెసిన్ పోతకు రాదు. పోత పోసి పిల్లల బొమ్మగా అమ్మాలంటే పరీక్షలు, గుర్తు, ఖర్చు అన్నీ నెత్తినపడతాయి. పెద్దల సేకరణ వస్తువుగా అమ్మితే వేరు.

రంగూ విషమూ

సహజ రంగుల వాదం ఏటికొప్పాకలో దాదాపు తేలిపోయింది. అక్కడ లక్కలో సహజ రంగులు కలిపే పద్ధతిని నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. కొండపల్లి అదే బాట పట్టకపోవడానికి మొండితనం కారణం కాదు. కుంచెతో పూసిన సహజ రంగుకు లక్క రక్ష ఉండదు, ఇప్పుడు వాడే ఎనామిల్ మెరుపూ రాదు. మెరుపుకు అలవాటుపడిన కొనుగోలుదారు మొదట దాన్నే చూస్తాడు. ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది కాబట్టి, డబ్బా మీద ఆ మాట చూసి కొంటే ఎనామిల్ మీది భయం చాలావరకు తీరుతుంది.

రెసిన్ విషయంలో ప్రమాదం కొనేవాడి కంటే చేసేవాడికి దగ్గర. గట్టిపడని ప్రింటర్ రెసిన్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే సాధారణంగా పోదు. కడగడానికి ఆల్కహాల్, వెలుతురులో గట్టిపరచడం, సాపు చేసేటప్పుడు ముక్కులోకి పోయే పొడి, వీటన్నిటికీ చేతి తొడుగులు, మాస్కు, గాలి ఆడే గది కావాలి. పిల్లలు తిరిగే వసారాలో పొణికి చెక్కవచ్చు, రెసిన్ పోయకూడదు. ఇంటి పనిని ఇంటిల్లిపాదీ పంచుకునే కొండపల్లి పద్ధతికి ఇది చిన్న అడ్డంకి కాదు. విరిగిన పొణికి ముక్క మట్టిలో కలుస్తుంది. గట్టిపడిన రెసిన్ కరిగి మళ్లీ బొమ్మ కాదు.

పక్కపక్కన పెడితే

ముడిసరుకు కొరత పొణికిది, చేసేవాడి ఆరోగ్యం చిక్కు రెసిన్‌ది. పొణికి బొమ్మకు పెట్టుబడి తక్కువ, పొద్దు ఎక్కువ. రెసిన్‌లో మొదటి బొమ్మ ఖరీదు, పదో బొమ్మ చౌక. కర్రబొమ్మకు పేరు, చట్టం, కొలువు పండుగలు అండ. రెసిన్‌కు వేగం, సూక్ష్మత అండ. వేరే మెత్తని కర్ర వాడటం అనే మూడో దారి రెంటికీ మధ్యలో ఉంది. అందరూ దాన్ని రాజీ అనుకుని పక్కన పెట్టారు గానీ నిజానికి తక్కువగా పరీక్షించింది దాన్నే.

ఇంకా తేలనివి

పెంచిన పొణికి అడవి పొణికిలా చెక్కుడుకు లొంగుతుందా, కొండవాలు చెట్టు డెల్టా నేలలో ఏమేరకు ఎదుగుతుంది అన్నవి చెట్లు పెరిగితే గానీ తెలియవు. చౌక నకలు అసలుకు ప్రచారమవుతుందా, పోటీ అవుతుందా అన్నది ఇక్కడ ఎవరూ పద్ధతిగా కొలవలేదు. మినహాయింపు పొందిన చేతిబొమ్మల రంగులను ఎవరు పరీక్షించాలన్నదీ తేలాలి.

తేలినంతవరకు నా తీర్పు ఇది. కొండపల్లి పేరు కర్రకే ఉండాలి, ఎందుకంటే ఆ రూపం ఆ మెత్తని కర్రలోంచి పుట్టింది. రెసిన్ పనిని ఆపాల్సిన అవసరమూ లేదు. అది తన కొలతలో, తన ఆటల కోసం, తన పేరుతో బతకాలి. ఒకదాని ముసుగులో ఇంకొకటి అమ్ముడుపోయినప్పుడే చేసేవాడూ కొనేవాడూ కలిసి మోసపోతారు. వినాయక విగ్రహాల దగ్గర మట్టా, ప్లాస్టర్ ఆఫ్ పారిసా అని అడిగి కొనడం నేర్చుకున్న ఊరు విజయవాడ. బొమ్మల దుకాణాలవాళ్లు, లేపాక్షి వంటి ప్రభుత్వ సంస్థలు ప్రతి బొమ్మ కిందా ఏ కర్ర, ఏ రంగు, చెక్కిందా పోసిందా అన్న మూడు మాటలు తెలుగులో రాసిన చీటీ అతికించాలి. వచ్చే దసరా కొలువుకు బొమ్మ కొనేవాళ్లు ఆ చీటీ లేకపోతే అడగాలి.